మౌలానా ఆజాద్ : మతమూ, రాజ్యమూ

మతానికీ, రాజ్యానికీ నడుమ ఉండవలసిన సంబంధాన్ని గూర్చిన విచారం ఇస్లాం చరిత్రలో ఆది నుంచీ ఉన్నది. మహమ్మద్ ప్రవక్త మదీనా నగరంలో ధర్మబోధతో పాటు ప్రజాపాలన కూడా నిర్వహించారు. ఆయన అనంతరం ముస్లిం సమాజానికి నాయకులైనవారు ఖలీఫాలుగా ప్రసిద్ధులయ్యారు. ఈ చరిత్రను ఆధారంగా గ్రహించి, రాజ్యం మతశాస్త్రానికి లోబడి నడవాలని కొందరు పండితులు భావించారు. పాలనా విధానాన్ని దేశకాలాలను బట్టి ప్రజలే నిర్ణయించుకోవచ్చునని మరికొందరు తలచారు. మొదటి భావానికి చేరువలో ప్రయాణం ప్రారంభించి, రెండవ భావం వైపు నడచిన మహామేధావి మౌలానా అబుల్ కలాం ఆజాద్.

ఆజాద్ 1888 నవంబరు 11న మక్కాలో జన్మించారు. ఆయన అసలు పేరు మొహియుద్దీన్ అహ్మద్. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గొప్ప మతపండితులు. తల్లి అరబ్బు వంశానికి చెందినవారు. ఆజాద్ పసితనంలోనే ఆ కుటుంబం కలకత్తా చేరింది. తండ్రి వద్దా, ఇంటికి వచ్చే గురువుల వద్దా ఆయన అరబ్బీ, పారశీక భాషలూ, తత్త్వశాస్త్రమూ, గణితమూ అభ్యసించారు. యౌవనారంభంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ రచనలు చదివి, ఆధునిక విజ్ఞానం ఎంత అవసరమో గ్రహించి, స్వయంకృషితో ఆంగ్లం నేర్చుకున్నారు. ఆ దశలో వంశపారంపర్యంగా సంక్రమించిన నమ్మకాలు ఆయనకు సందేహాస్పదంగా తోచాయి. ఆ బంధాల నుంచి విడివడినందుకు గుర్తుగా, స్వేచ్ఛాజీవి అనే అర్థమిచ్చే ‘ఆజాద్’ అన్న కలం పేరును స్వీకరించారు.

1912 జులైలో ఆయన కలకత్తా నుంచి ‘అల్ హిలాల్’ అనే ఉర్దూ వారపత్రికను ప్రారంభించారు. ముస్లింలు స్వాతంత్ర్య పోరాటానికి దూరంగా ఉండరాదనీ, అన్యాయాన్ని ఎదిరించడం విశ్వాసి విధి అనీ అందులో ప్రబోధించారు. ఆనాడు ఆయన దృష్టిలో రాజకీయాలు మతంలో అంతర్భాగాలే. ఆంగ్ల ప్రభుత్వ నిర్బంధం వల్ల 1914లో పత్రిక నిలిచిపోయింది. 1916లో బెంగాలు నుంచి బహిష్కృతులైన ఆజాద్, 1919 చివరి వరకు రాంచీలో నిర్బంధంలో గడిపారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో తురుష్క సామ్రాజ్యం ఓడిపోయింది. తురుష్క సుల్తానును ఖలీఫాగా గౌరవించే భారతీయ ముస్లింలు ఆ పదవి రక్షణకై ఖిలాఫత్ ఉద్యమాన్ని నడిపారు. ఆజాద్ ఆ ఉద్యమానికి శాస్త్రాధారాలు సమకూర్చారు. గాంధీజీ నాయకత్వాన సహాయ నిరాకరణోద్యమంలోనూ పాల్గొన్నారు. ముస్లింలు హిందువులతో కలసి పోరాడటం ధర్మసమ్మతమేనా అన్న ప్రశ్నకు మదీనా చరిత్రలోనే సమాధానం చూపారు. ప్రవక్త అక్కడి యూదులతో సైతం ఒడంబడిక చేసుకొని, అందరినీ ఒకే సమాజంగా పరిగణించిన సంగతిని గుర్తు చేశారు.

1924 మార్చిలో తురుష్క జాతీయ శాసనసభ ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఏ పదవి కోసం ఇక్కడివారు చెరసాలలకు వెళ్లారో, దానిని అక్కడి ముస్లింలే తొలగించారు. ఆజాద్ విశ్వాసం మాత్రం సడలలేదు. అది మరింత లోతైన మార్గంలో సాగింది. ‘తర్జుమానుల్ ఖురాన్’ అనే అనువాద వ్యాఖ్యాన గ్రంథంలో, భగవంతుడు ఏదో ఒక జాతికి గాక సకల లోకాలకూ పోషకుడన్న భావాన్ని విపులంగా వివరించారు. మతాల మూలతత్త్వం ఒక్కటేననీ, ఆచారాలూ శాసనాలూ మాత్రమే దేశకాలాలను బట్టి మారుతాయనీ ప్రతిపాదించారు.

ఈ భావనకు కఠినమైన పరీక్ష 1940లో ఎదురైంది. ఆ సంవత్సరం మార్చిలో రాంగఢ్ కాంగ్రెసు మహాసభకు ఆజాద్ అధ్యక్షత వహించారు. తాను ముస్లింననీ, తాను భారతీయుడననీ, ఈ రెండింటిలో దేనినీ వదులుకోననీ ఆ వేదికపై స్పష్టం చేశారు. కొద్ది రోజులకే ముస్లిం లీగు లాహోరులో సమావేశమై ముస్లింలకు ప్రత్యేక రాజ్యాలు కావాలని తీర్మానించింది. హిందువులు అధిక సంఖ్యలో ఉన్న దేశంలో తమకు న్యాయం జరగదన్న భయం దాని వెనుక ఉంది. ఆజాద్ ఆ భయాన్ని తేలికగా చూడలేదు. రక్షణ, విదేశాంగం, రవాణా సౌకర్యాల వంటి కొన్ని అంశాలను మాత్రమే కేంద్రానికి ఉంచి, మిగిలిన అధికారాలను రాష్ట్రాలకు అప్పగించాలని 1946లో సూచించారు. కాని విభజన ఆగలేదు.

ఆయన వ్యక్తిగత జీవితంలోనూ దుఃఖం తక్కువ కాదు. అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉండగా భార్య జులేఖా బేగం కలకత్తాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. విడుదల కోసం ఆంగ్ల ప్రభుత్వాన్ని అర్థించడానికి ఆయన మనస్సు అంగీకరించలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె మరణించారు. ఆయనకు కడసారి చూపు కూడా దక్కలేదు.

1947 అక్టోబరులో, దేశం రక్తసిక్తమై ఉన్న వేళ, ఆజాద్ ఢిల్లీ జామా మసీదు వద్ద భయకంపితులైన ముస్లింలకు ధైర్యం చెప్పారు. ఈ గడ్డ వారిదేననీ, దీనిని విడిచి పోవలదనీ హితవు పలికారు. స్వతంత్ర భారత ప్రథమ విద్యామంత్రిగా, 1958 ఫిబ్రవరి 22న కన్నుమూసే వరకు, సాహిత్య అకాడమీ, విశ్వవిద్యాలయ నిధుల సంఘం వంటి సంస్థలకు అండగా నిలిచారు. 1992లో ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించారు. 1998లో హైదరాబాదులో నెలకొన్న జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరు ధరించింది.

రాజ్యం అన్ని మతాలవారికీ చెందాలంటే మనిషి తన మతాన్ని విడువనక్కర లేదని ఆజాద్ జీవితం చాటుతున్నది. ఇరుగుపొరుగు వారితో సమానంగా జీవించడానికి కావలసిన ప్రమాణాన్ని ఆయన తన ధర్మగ్రంథంలోనే వెదకి కనుగొన్నారు. ఆ అన్వేషణే ఆయన మనకు మిగిల్చిన ఆస్తి.