వేరుల విచక్షణను తూచిన సొస్యూర్

మొక్క తనకు హితమైన దానినే నేలనుండి గ్రహించి, అహితమైన దానిని విడిచిపెట్టునని లోకము చిరకాలము నమ్మెను. ఆ నమ్మకమును వాదముతో గాక త్రాసుతో పరీక్షించిన మహనీయుడు నికొలా థియొడోర్ ద సొస్యూర్.

ఆయన 1767 అక్టోబరు 14వ తేదీన జెనీవా నగరమున జన్మించెను. తండ్రి హొరేస్ బెనెడిక్ట్ ఆల్ప్స్ పర్వతములను శోధించిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు. 1787లో మాంట్ బ్లాంక్ శిఖరము నధిరోహించినవాడు. కుమారునకు విద్యాగురువును ఆయనయే. 1788లో ఒక మంచు కనుమపై రెండు వారములకు మించి విడిసి, తండ్రి గాలి పీడనమును, ఉష్ణోగ్రతను కొలుచుచుండగా, ఇరువది యేండ్లు నిండియున్న ఆ యువకుడు తోడ్పడెను. కొలువక యేదియు నమ్మరాదను నియమము ఆయన జీవితమంతయు నిలిచినది. 1802లో జెనీవా అకాడమీయందు ఖనిజ, భూగర్భ శాస్త్రములకు ఆచార్యుడయ్యెను.

మొక్కను కాల్చగా మిగులు బూడిదలో సున్నము, సిలికా, క్షారములు కనబడును. అవి యెచటివి? జీవశక్తియే వానిని మొక్కలో సృష్టించుచున్నదని ఆనాడు కొందరు పండితులు తలచిరి. సొస్యూర్ పెక్కు మొక్కల బూడిదలను విశ్లేషించెను. సున్నపురాతి నేలపై పెరిగిన మొక్కయందు సున్నము హెచ్చుగను, గ్రానైటు నేలపై పెరిగిన ఆ జాతి మొక్కయందే సున్నము తక్కువగను ఉండెను. కావున ఖనిజములు నేలనుండియే వచ్చుచున్నవని తేలినది. మొక్క దేహములోని బొగ్గుపదార్థము గాలినుండి లభించుననియు, నీరు కూడ దేహములో భాగమగుననియు 1804లో ప్రకటించిన గ్రంథమున ఆయన నిరూపించెను.

ఆ గ్రంథములోనిదే వేరుల పరీక్ష. సొస్యూర్ పాలిగోనమ్ అను తేమనేలల మొక్కలను వేరులతో గూడ నీటిపాత్రలలో నుంచెను. ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్క పదార్థమును సమానమైన తూకమున కరగించెను. మొక్క సగము నీటిని పీల్చిన పిమ్మట మిగిలిన నీటిని విశ్లేషించెను. నీటితోపాటు పదార్థము కూడ సమముగా చొచ్చినచో నూటికి 50 పాళ్లు తగ్గవలెను. కాని వంట ఉప్పు 13 పాళ్లు, కాల్షియం నైట్రేటు 4 పాళ్లు, పంచదార 29 పాళ్లు మాత్రమే లోనికి పోయెను. మొక్కకు ప్రాణాంతకమైన మైలుతుత్తమో, 47 పాళ్లు పోయెను!

హితాహితము లెరిగిన వేరు విషమునే అధికముగా త్రాగుటెట్లు? మైలుతుత్తము వేరును చెరచుటయే కారణమని సొస్యూర్ గ్రహించెను. ఆరోగ్యముగా నున్న వేరు జల్లెడవలె కొంత అడ్డగించును; చెడిన వేరునకు ఆ శక్తి యుండదు. వేరులు కోసిన మొక్కలు కరగిన పదార్థములను మరింత విరివిగా పీల్చుట దీనికి తార్కాణము. ఏ పదార్థమెంత చొచ్చుననునది దాని ప్రయోజనమునుబట్టి యుండదని ఆయన తేల్చెను.

నేటి శాస్త్రము ఈ భావమును మరింత విస్తరించినది. వేరు కణముల పొరలలో ధాతువులను చేరవేయు ద్వారములు కలవు. అవి పోలికకు మోసపోవును. ఆర్సెనిక్ అను పాషాణము ఒక రూపమున భాస్వరపు ద్వారమున ప్రవేశించును. నీరు నిలిచిన వరిమడిలో అది వేరొక రూపము దాల్చి, సిలికా పోవు దారిని చొచ్చును. కాడ్మియము ఇనుము, జింకు, మాంగనీసుల దారులను పట్టును. మొక్కయు ఊరకుండదు. చిన్న మాంసకృత్తులవంటి అణువులతో విషమును బంధించి, కణములలోని నీటి తిత్తులలో దాచును. కొంత వేరులయందే నిలిపివేయును. టెరిస్ విట్టాటా అను ఫెర్ను మొక్క పాషాణమును ఆకులలో కూడబెట్టి కూడ పచ్చగా పెరుగునని 2001లో వెల్లడియైనది. విషపు నేలను బాగుచేయుటకు అట్టి మొక్కలను వినియోగించు ప్రయత్నములు సాగుచున్నవి.

సొస్యూర్ 1845 ఏప్రిల్ 18వ తేదీన జెనీవాలో కన్నుమూసెను. సుప్రసిద్ధ భాషాశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఆ వంశమునందే తరువాత జన్మించెను.

ఆకు పచ్చగా నున్నంత మాత్రమున ఆహారము నిర్దోషమని చెప్పరాదు. మురుగునీటితో పెరిగిన కూరయు కంటికి నిగనిగలాడవచ్చును. వేరు కాపలాదారే గాని వివేకి కాదు. నేలను, నీటిని శుభ్రముగా నుంచవలసిన వివేకము మానవునిది. సొస్యూర్ త్రాసు రెండు శతాబ్దుల క్రిందట చూపిన సత్యమునుండి విద్యార్థులు గ్రహింపవలసిన దిదియే.