టోపీ పిన్నుతో కారు బాగుచేసిన ఇల్లాలు

పోయిన కార్తీకంలో శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి మా పాత కారు మొరాయించింది. ఆగిపోలేదు గానీ ఎంత తొక్కినా లాగదు. వెనక బస్సు హారన్లు, లోపల అత్తయ్యగారి దండకం. స్టీరింగు దగ్గర నేను. ఎలాగో కొండెక్కి, స్వామి దర్శనం చేసుకుని ఇల్లు చేరాం.

మర్నాడు ఓ వర్క్‌షాపుకు తీసుకెళ్తే, బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు చూసి, ఇంజన్ మొత్తం మార్చాల్సిందేనని పెద్ద అంకె చెప్పారు. అదీ నాకు కాదు, పక్కనున్న మా వారికి. ఆయన సగం ఒప్పుకున్నారు కూడా. నాకే మనసొప్పలేదు. జబ్బేంటో తెలీకుండా ఆపరేషనేంటి?

మా వీధి చివర షెడ్డులో ఓ పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్లా. ఇంజన్‌కి కావాల్సినవి మూడేనని చెప్పారాయన. తగినంత పెట్రోలు, సమయానికి నిప్పురవ్వ, సిలిండర్లో ఒత్తిడి. మొదటి రెండూ బాగానే ఉన్నాయట. మూడోదే చూడాలన్నారు. దాన్నే వాళ్లు కంప్రెషన్ అంటారు. మనకు తెలియంది కాదులెండి. కుక్కర్ గాస్కెట్ సాగిపోతే ఆవిరి పక్కల నుంచి పోయి విజిల్ రాదు కదా, ఇదీ అంతే.

ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కో రంధ్రానికీ గేజి బిగించి సెల్ఫ్ కొట్టమన్నారు. మూడు సిలిండర్లు 160 దగ్గర చూపించాయి. నాలుగోది 95 దాటలేదు. అప్పుడు ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశారు. పిస్టన్ రింగులు అరిగిపోయుంటే ఆయిల్ ఆ సందుల్ని కాసేపు మూస్తుంది, అంకె పెరుగుతుంది. పెరగలేదు. అంటే రింగుల తప్పు కాదన్నమాట. తర్వాత రెండు వాల్వులూ మూసుకునే చోట పిస్టన్‌ని నిలిపి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పంపించారు. రేడియేటర్లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టు. బుడగలు రాలేదు. సైలెన్సర్ గొట్టం దగ్గర చెవి పెట్టమన్నారు నన్ను. బుస్సుమంటోంది! పొగ బయటికి పోయే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. జబ్బు దొరికింది.

పని మూడు రోజులన్నారు. ఆ మూడు రోజులూ నాకు గుర్తొచ్చిన మనిషి బెర్తా బెంజ్.

బెంజ్ పేరు వినగానే మనకు కారు గుర్తొస్తుంది, మహా అయితే దాన్ని కనిపెట్టిన కార్ల్ బెంజ్. ఆయన భార్య లేకపోతే ఆ కారు షెడ్డు దాటేదే కాదేమో. బెర్తా రింగర్ 1849 మే 3న జర్మనీలోని ఫోర్జ్‌హైమ్‌లో పుట్టింది. తండ్రి వడ్రంగం, ఇళ్ల నిర్మాణం చేసి కలిగినవాడయ్యాడు. ఆమె పుట్టినప్పుడు మళ్లీ ఆడపిల్లేనని ఆ ఇంటి బైబిల్లో విచారంగా రాసి ఉందనీ, చిన్నప్పుడే అది ఆమె కంటపడిందనీ చెప్పుకుంటారు. ఆ మాట మన ఇళ్లలోనూ విన్నదేగా!

కార్ల్‌తో నిశ్చితార్థమైన రోజుల్లో అతని దగ్గర ఆలోచనలున్నాయి, డబ్బు లేదు. పైగా భాగస్వామితో పేచీ. బెర్తా తన కట్నాన్ని పెళ్లికి ముందే ఇప్పించుకుని, ఆ భాగస్వామి వాటా కొనడానికి ఇచ్చింది. 1872 జులై 20న పెళ్లయింది. అప్పటి చట్టాల ప్రకారం ఆ తర్వాత ఆమె డబ్బు మీద పెత్తనం భర్తదే. పెట్టుబడి ఆమెది, పేటెంటు మీద పేరు మాత్రం ఆయనది.

తర్వాత ఏళ్ల తరబడి అప్పులు, చంటిపిల్లలు, నడవని ఇంజన్లు. 1879 డిసెంబరు 31 రాత్రి భోజనాలయ్యాక ఇంకొక్కసారి ప్రయత్నించి చూద్దామని భర్తను వర్క్‌షాపుకు బయల్దేరదీసింది బెర్తాయే. ఆ రాత్రి ఇంజన్ ఆగకుండా నడిచింది. 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి కార్ల్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అయినా కొనేవాళ్లేరీ? గుర్రం లేని బండిని నమ్మేదెవరు? కార్ల్ నెమ్మదైన మనిషి. ఇంకా బాగుచేద్దాం, ఇంకా బాగుచేద్దాం అంటూ షెడ్డు వదిలేవాడు కాదు.

1888 ఆగస్టులో ఓ తెల్లవారుజామున భర్త నిద్ర లేవకముందే బెర్తా ఇద్దరు కొడుకులతో బండిని బయటికి తీసింది. పెద్దవాడు ఆయిగెన్‌కు పదిహేనేళ్లు, రిచర్డ్‌కు పదమూడు. పుట్టింటికి వెళ్తున్నట్టు చీటీ పెట్టింది గానీ, బండి మీద అని రాయలేదు! మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వంద కిలోమీటర్ల పైచిలుకు. అంతదూరం అప్పటివరకూ ఏ మోటారు కారూ వెళ్లలేదు.

దారిలో పెట్రోలు బంకులెక్కడివి? వీస్లోక్ ఊళ్లో మందుల షాపు వెతికి, మరకలు పోగొట్టడానికి వాడే లిగ్రాయిన్ ద్రవం కొని పోయించింది. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు ఆవిరైపోతుంటే దొరికినచోటల్లా నింపుకొంది. పెట్రోలు గొట్టం పూడుకుపోతే తన టోపీ పిన్ను తీసి పొడిచి శుభ్రం చేసింది. నిప్పురవ్వ తీగ ఒరుసుకుపోతే మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. గొలుసు సాగితే బ్రూక్జాల్‌లో కమ్మరి చేత సరిచేయించింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత దానికి తోలు వేయించింది. బ్రేకుకు తోలు తొడుగు వేయించాలన్న ఆలోచన ఆమెదే.

ఇక్కడో సంగతి గమనించాలి. ఎత్తొచ్చినప్పుడల్లా ఆ బండీ మా కారులాగే చతికిలబడింది. పిల్లలు దిగి తోశారు. అయితే ఆమె బండి పనికిరాదని తీర్మానించలేదు. పెట్రోలు అందుతోంది, నిప్పు పడుతోంది, చదునులో బాగానే పరుగెడుతోంది. మరి లోపమెక్కడ? కొండెక్కడానికి తగ్గ గేరు లేదు. ఇల్లు చేరాక ఆ మాటే భర్తకు చెప్పింది, ఆయన మరో గేరు చేర్చాడు. ఈనాటికీ మనం ఘాట్‌లో గేరు తగ్గించి ఎక్కుతున్నామంటే, ఆ అవసరాన్ని రోడ్డు మీద కనిపెట్టినవాళ్లలో ఈ తల్లీ ఉంది.

చీకటి పడే వేళకు పుట్టిల్లు చేరి క్షేమంగా వచ్చామని భర్తకు టెలిగ్రాం కొట్టింది. కొన్ని రోజులుండి మళ్లీ అదే బండిలో వెనక్కి వచ్చింది. ఆ ఏడే మ్యూనిచ్ ప్రదర్శనలో బండికి బంగారు పతకం వచ్చింది. క్రమంగా కొనేవాళ్లూ వచ్చారు. కష్టకాలంలో చివరిదాకా తనతో నిలిచింది ఆమె ఒక్కతేనని కార్ల్ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఆయన 1929లో పోయాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు బతికిన బెర్తాను 1944లో, సరిగ్గా తొంభై అయిదో పుట్టినరోజున, కార్ల్ చదువుకున్న కార్ల్స్‌రూహ్ సాంకేతిక విద్యాలయం గౌరవ సెనేటర్‌ని చేసింది. రెండు రోజులకే, మే 5న లాడెన్‌బర్గ్‌లో ఆమె కన్నుమూసింది. 2008లో ఆమె వెళ్లిన దారికి ఆమె పేరే పెట్టారు.

ఇక మా కారు సంగతి. హెడ్ విప్పితే ఆ ఒక్క వాల్వు అంచు కాలి చిట్లిపోయి ఉంది. ఏళ్ల తరబడి వాల్వుల సందు సరిచేయించకపోతే ఇలాగే అవుతుందట. అది మా నిర్లక్ష్యమే. కొత్త వాల్వు వేసి, సీటు మీద నూరి కూర్చోబెట్టి, కొత్త హెడ్ గాస్కెట్ బిగించారు. మళ్లీ గేజి పెడితే నాలుగూ ఇంచుమించు ఒకే అంకె. ముందు చెప్పినదాంట్లో ఐదో వంతు కూడా కాలేదు. పెద్దాయన ఈసారి లెక్కంతా నాకే వివరించి చెప్పారు. మా వారు పక్కన నిలబడి విన్నారు.

మనం మెకానిక్కులం కానక్కర్లేదు. బండి లాగట్లేదంటే గేజి పెట్టి చూశారా, ఏ సిలిండరు, రింగులా వాల్వులా గాస్కెట్టా అని అడిగితే చాలు. అడిగేవాళ్లకు ఒకలా, అడగనివాళ్లకు ఒకలా చెప్తారు.

శివరాత్రి వెళ్లాక మళ్లీ శ్రీశైలం వెళ్లాం. ఘాట్ మొదట్లో గేరు తగ్గిస్తుంటే టోపీ పిన్ను తల్లిని తల్చుకున్నా. కారు ఆగకుండా ఎక్కింది. వెనక సీట్లో అత్తయ్యగారు హాయిగా నిద్రపోయారు.