గ్రెగర్ జోహాన్ మెండెల్

విత్తు ఒకటి వేస్తే చెట్టు మరొకటి మొలవదని పెద్దల మాట. తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు వస్తాయన్న సంగతి లోకమంతటికీ తెలిసినదే. కాని ఒక తరంలో కనబడకుండా పోయిన లక్షణం మరుసటి తరంలో మళ్ళీ ఎట్లా తలెత్తుతుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ రహస్యాన్ని ఛేదించిన మహనీయుడు ఒక సామాన్య రైతుబిడ్డ. ఆయనే గ్రెగర్ జోహాన్ మెండెల్.

జోహాన్ 1822 జూలైలో, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యానికి చెందిన హైంజెన్‌డార్ఫ్ గ్రామంలో జన్మించాడు. ఆ గ్రామం నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. చెట్లకు అంటుకట్టడం ఆయన తండ్రి వద్దనే నేర్చుకున్నాడు. 1838లో చెట్టు దుంగ మీద పడి తండ్రి తీవ్రంగా గాయపడగా కుటుంబం కష్టాల పాలైంది. జోహాన్ ఇతరులకు పాఠాలు చెబుతూ, అర్ధాకలితో చదువు సాగించాడు. చెల్లెలు తెరేసియా తన వివాహానికై కేటాయించిన సొమ్ములో కొంత భాగాన్ని అన్న చదువుకు ఇచ్చింది. ఆ ఋణాన్ని ఆయన మరువలేదు. తరువాతి కాలంలో ఆమె కుమారులను తానే చదివించాడు.

1843లో బ్రనో నగరంలోని సెయింట్ థామస్ మఠంలో చేరి, గ్రెగర్ అనే పేరు స్వీకరించాడు. 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష రాసి ఉత్తీర్ణుడు కాలేకపోయాడు. మఠాధిపతి నాప్ ఆయనను ఉన్నత విద్యకై వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. అక్కడ 1851 నుండి 1853 వరకు భౌతిక, గణిత, వృక్షశాస్త్రాలను అభ్యసించాడు. 1856లో మరల ప్రయత్నించినా పరీక్ష నెగ్గలేదు. పరీక్షలో ఓడినవాడు పరిశోధనలో ఓడలేదు. ఆ ఏడాదే మఠం తోటలో బఠానీ మొక్కలపై ప్రయోగాలు ఆరంభించాడు.

పొడవు, పొట్టి మొక్కలు. గుండ్రని, ముడుతల గింజలు వంటి ఏడు జతల లక్షణాలను ఎన్నుకున్నాడు. ఒక పువ్వులోని కేసరాలను పక్వం కాకముందే తొలగించి, మరో మొక్క పుప్పొడిని దానిపై అద్దేవాడు. పొడవు మొక్కను పొట్టి మొక్కతో సంకరపరచగా మొదటి తరంలో అన్నీ పొడవుగానే పెరిగాయి. వాటి విత్తనాలు నాటగా 787 పొడవు మొక్కలు, 277 పొట్టి మొక్కలు వచ్చాయి. ఏ లక్షణాన్ని లెక్కించినా నిష్పత్తి ఇంచుమించు 3:1గానే తేలింది.

దీనినిబట్టి ప్రతి లక్షణానికీ రెండు కారకాలు ఉంటాయని, అవి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి సంక్రమిస్తాయని ఆయన నిర్ధారించాడు. పొడవు కారకం బహిర్గతమైనది. పొట్టి కారకం అంతర్గతమైనది. రెండు పొట్టి కారకాలు కలిసినప్పుడే మొక్క పొట్టిగా పెరుగుతుంది. కారకాలు ఒకదానిలో ఒకటి కరిగిపోవు. విడివడి తరువాతి తరానికి చేరుతాయి.

ఎనిమిదేళ్ళ ఈ కృషి ఫలితాలను 1865లో బ్రనో ప్రకృతి శాస్త్ర సంఘం ఎదుట వివరించాడు. మరుసటి ఏడాది వ్యాసం అచ్చయింది. మ్యూనిక్‌లోని ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలీ సైతం దాని విలువను గుర్తించలేదు. 1868లో మెండెల్ మఠాధిపతి అయ్యాడు. పాలనాభారంతోను, మఠంపై ప్రభుత్వం విధించిన పన్నును ఎదిరించడంతోను ఆయన చివరి సంవత్సరాలు గడిచాయి. 1884 జనవరి 6న కన్నుమూశాడు. నగరం ఒక మంచి మఠాధిపతిని పోగొట్టుకున్నానని దుఃఖించింది. ఒక గొప్ప శాస్త్రవేత్తను కోల్పోయానని దానికి తెలియదు.

1900లో డి వ్రీస్, కారెన్స్, షెర్మాక్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు మెండెల్ కృషిని వెలుగులోకి తెచ్చారు. ఆయన చెప్పిన కారకాలనే నేడు జన్యువులు అంటున్నాము.

మెండెల్ గణించిన నియమం బఠానీ తోటకే పరిమితం కాలేదు. తెలుగునాట ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత ఇందుకు నిదర్శనం. తల్లిదండ్రులిద్దరూ పైకి ఆరోగ్యవంతులుగా ఉన్నా, ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఆ వ్యాధి సోకే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ సంగతి ముందుగా తెలుసుకొని జాగ్రత్త పడగలుగుతున్నామంటే, ఎవరి మెప్పునూ ఆశించక ఒక్కొక్క గింజనూ లెక్కించిన ఆ సన్యాసి ఓర్పే అందుకు పునాది.