విద్యార్థి సుబ్బారావు

మధిర మొదలుకొని భద్రాచలం మన్యం వరకు ఏ ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్లి చూసినా, గర్భిణీ స్త్రీలకు ఇచ్చే మందులలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర ఉంటుంది. ఆ మాత్ర వెనుక ఒక తెలుగువాని శ్రమ ఉన్నదన్న సంగతి ఇచ్చేవారిలోనూ, పుచ్చుకొనేవారిలోనూ ఎందరికో తెలియదు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. మందులను కనుగొన్న శాస్త్రవేత్తగా ఆయనను కొందరైనా ఎరుగుదురు. అయితే వాటన్నిటికంటె ముందు, ఇంకా విద్యార్థిగా ఉన్న రోజులలోనే ఆయన ఒక చిన్న కొలతను సాధించారు. మన కండరాలు, నాడులు, మెదడు ఏ శక్తి ఆధారంగా పని చేస్తున్నాయో తెలుసుకోవడానికి దారి చూపిన వాటిలో ఆ కొలత ఒకటి. ఈ పాఠంలో ప్రధానంగా ఆ విద్యార్థి దశను గురించి తెలుసుకుందాం.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవారు. కుటుంబం పేదది. చిన్ననాటి చదువు రాజమహేంద్రవరంలో సాగింది గాని, ఆ చదువు మీద బాలునికి మనసు నిలువలేదు. పదమూడేళ్ల ప్రాయంలో, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునన్న ఊహతో ఇల్లు విడిచి బయలుదేరారని, పెద్దలు దారిలోనే పట్టి వెనుకకు తెచ్చారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. తల్లి పట్టుదల గలది. నగలు అమ్మి మద్రాసు పంపింది. అక్కడి హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ పర్యాయం పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులయ్యారు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసి, మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. ఒక దశలో రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలని తలచారు గాని, తల్లి అనుమతి ఇవ్వలేదు.

వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు దేశమంతటా స్వదేశీ గాలి వీస్తున్నది. సుబ్బారావు ఖద్దరు ధరించి తరగతికి వెళ్లారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయాచార్యునికి అది నచ్చలేదు. రాతపరీక్షలలో బాగుగానే రాసినా, ఆయనకు లభించింది పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టం కాదు, ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి యోగ్యతాపత్రం. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. ఒక వస్త్రం పట్ల గల కోపం ఒక విద్యార్థి జీవితాన్ని ఎంత దూరం తరిమిందో ఆలోచించండి.

ఆ కాలంలోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే జీర్ణవ్యాధి సోకి, ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు మరణించారు. ఈ జబ్బులో తిన్న ఆహారం ఒంటబట్టదు; రక్తం క్షీణించి రోగి శుష్కించిపోతాడు. ఆనాటి వైద్యుల దగ్గర దానికి మందు లేదు. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని చెబుతారు. తరువాత మద్రాసులో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. అయినా తన సోదరులను పొట్టన పెట్టుకున్న రోగం ఏమిటన్న ప్రశ్న ఆయనను విడువలేదు. ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి అమెరికా వెళ్లాలని నిశ్చయించుకున్నారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా తోడ్పడ్డారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా సహాయం చేసింది. 1922 అక్టోబరులో బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగంలో చేరారు. భార్య శేషగిరి ఇక్కడనే ఉండిపోయింది.

బోస్టన్‌లో జరుగుబాటు లేదు. మద్రాసు పట్టంతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. అందుచేత పగలు చదువుకొని, రాత్రివేళ పీటర్ బెంట్ బ్రిగ్హామ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. స్వదేశంలో వైద్యుడనిపించుకున్న వ్యక్తి పరదేశంలో పాకీపనికి సిగ్గుపడలేదు. డిప్లొమా పొందిన తరువాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధక విద్యార్థిగా చేరారు.

ఫిస్కే అప్పగించిన పని చూడడానికి చాలా అల్పమైనది. రక్తంలో, మూత్రంలో, కండరంలో భాస్వరం ఎంత ఉన్నదో సులువుగా కొలిచే పద్ధతిని సాధించాలి. భాస్వరం ఉన్న ద్రవంలో ఆమ్లంతో కూడిన మాలిబ్డేటు కలిపి, క్షయకరణం జరిపే మరొక రసాయనాన్ని చేర్చితే నీలి రంగు పుడుతుంది. రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. ఈ కిటుకు అంతకు ముందే కొందరికి తెలుసు. కాని రంగు నిలకడగా ఉండేది కాదు, ఇతర పదార్థాలు అడ్డుతగిలేవి. సుబ్బారావు ఓపికతో ఒక్కొక్క రసాయనాన్ని మార్చి చూసి, సరియైన క్షయకరణిని ఎన్నుకొని, ఆ పద్ధతిని నమ్మదగినదిగా తీర్చిదిద్దారు. 1925లో వెలువడిన ఆ పత్రం ఫిస్కే - సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి జీవరసాయన విద్యార్థులు దానిని నేర్చుకున్నారు. మన మధిర ప్రాంతపు మిర్చి, పత్తి రైతులు చేలోని మట్టిని భూసార పరీక్షకు పంపినప్పుడు భాస్వరాన్ని కొలిచేది కూడా ఈ జాతికి చెందిన నీలిరంగు పరీక్షతోనే.

కొలత చేతికి చిక్కిన తరువాత అసలు కథ మొదలైంది. కండరపు సారంలో భాస్వరాన్ని కొలుస్తుండగా ఒక విచిత్రం కనిపించింది. మామూలు ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో నీలి రంగు వెంటనే తేలుతుంది. కండరపు సారంలో మాత్రం రంగు మెల్లమెల్లగా చిక్కబడుతున్నది. తొందర ఉన్నవాడు దీనిని పరీక్షలోని లోపంగా భావించి వదిలివేసేవాడు. ఫిస్కే, సుబ్బారావులు ఆ ఆలస్యానికి కారణమేమిటని వెదికారు. కండరంలో మామూలు ఫాస్ఫేటని లోకం అనుకుంటున్న దానిలో పెద్ద భాగం నిజానికి క్రియాటిన్‌తో ముడిపడి ఉన్నదనీ, ఆమ్లం తగిలేసరికి ఆ ముడి కొంచెం కొంచెంగా విడిపోతున్నదనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించినప్పుడు అది విచ్ఛిన్నమవుతున్నది. విశ్రాంతి నిచ్చినప్పుడు మరల సమకూరుతున్నది. 1927లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. అదే కాలంలో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఇటువంటి అస్థిర పదార్థాన్నే స్వతంత్రంగా గుర్తించారు.

దీని ప్రాముఖ్యం తెలియాలంటే అప్పటి సిద్ధాంతాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర సంకోచానికి మూలమని పండితులు నమ్మేవారు. కండర పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు లభించింది. ఆ సిద్ధాంతానికి ఈ ఫాస్ఫోక్రియాటిన్ పెద్ద ఎదురుదెబ్బ అయింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపివేసినా కండరం కొంతసేపు పని చేయగలదనీ, అప్పుడు ఫాస్ఫోక్రియాటినే ఖర్చవుతున్నదనీ 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ నిరూపించారు. ఇంతలో 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏటీపీని వేరుపరిచారు. అదే సంవత్సరంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టం లభించింది.

కండరంలో కనిపించిన ఈ పదార్థాలు మెదడులోనూ, నాడులలోనూ ఉన్నాయి. మెదడు బరువు మన దేహపు బరువులో సుమారు 2 శాతమే. అయినా విశ్రాంతిగా ఉన్న దేహం వినియోగించే శక్తిలో దాదాపు 20 శాతం దానికే కావాలి. నాడీకణం ఒక సంకేతాన్ని పంపినప్పుడు సోడియం లోపలికీ, పొటాషియం వెలుపలికీ పోతాయి. వాటిని తిరిగి యథాస్థానాలకు చేర్చే పంపు ఏటీపీతోనే నడుస్తుంది. ఆ పంపును 1957లో ఎండ్రకాయ కాలి నాడులలో గుర్తించిన డెన్మార్కు శాస్త్రవేత్త స్కూ 1997లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. నేడు మనస్తత్వ శాస్త్రమో, నాడీశాస్త్రమో చదివే డిగ్రీ విద్యార్థి, ఒక వ్యక్తి ఆలోచిస్తున్నప్పుడు మెదడులో ఏ భాగం చురుకుగా ఉన్నదో స్కానింగు చిత్రాలలో పరిశీలిస్తాడు. ఆ చిత్రాలలో కనిపించే రక్తప్రసారపు మార్పు, శక్తిని ఖర్చు చేస్తున్న నాడీకణాల చుట్టూ జరిగేదే.

ఇంత సాధించినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వతమైన ఆచార్య పదవి దక్కలేదు. ఆయన వేరుపరిచిన కొన్ని న్యూక్లియోటైడులను ఫిస్కే అసూయతో వెలుగు చూడనీయలేదనీ, ఏళ్ల తరువాత ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ, అప్పటి సహవిద్యార్థి జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో తెలిపారు. ఈ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి అందుకున్నవారు. సాహిత్యం చదువుకున్నవారికి ఇక్కడ ఏకలవ్యుని బొటనవ్రేలు గుర్తుకు రాకమానదు. అయితే ఫిస్కేను ద్రోణునితో పోల్చడం పూర్తిగా న్యాయం కాదు; ఆ నీలిరంగు కొలతను చేతికి అప్పగించింది కూడా ఆయనే. గురువు ఒకే మనిషిలో దాతగానూ, అపహర్తగానూ ఉండవచ్చు.

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొద్దికాలానికే పరిశోధనల అధిపతి అయ్యారు. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వస్త్రకార్మికులైన గర్భిణులలో రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసి, అందులో తెలియని పోషకం ఏదో ఉన్నదని చెప్పారు. అదే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు నాయకత్వంలోని బృందం దానిని 1945 ప్రాంతంలో కృత్రిమంగా తయారు చేసింది. అది స్ప్రూ వ్యాధిలోనూ గుణమిచ్చింది. సోదరుల మరణం నాటి ప్రశ్నకు ఆ విధంగా ఇరవై అయిదేళ్ల తరువాత సమాధానం దొరికింది.

ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. దానితో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు చికిత్స చేయగా 10 మందిలో తాత్కాలికంగానైనా ఉపశమనం కనిపించింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను, క్యాన్సరు మెదడుకు పాకకుండా వెన్నులోని ద్రవంలోకి ఎక్కించడం నేటికీ ఉన్నది. మన ప్రాంతాలలో బోదకాలు నివారణకు పంచే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందపు కృషియే.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. బయలుదేరిన నాటి నుండి ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి రాలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి ఇరవై ఆరేళ్లు ఉత్తరాల మీదనే కాపురం చేసింది. గర్భం ధరించక ముందు నుండి ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడడంలో వచ్చే లోపాలు చాలావరకు తప్పుతాయని బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి పరీక్షలలో 1991లో రుజువైంది. అప్పటికి ఆయన పోయి 43 సంవత్సరాలు.