కలియుగ భీముడు: శ్రీ కోడి రామమూర్తి నాయుడుగారు

మల్లవిద్యను ప్రదర్శనకళగా మార్చి లోకమును మెప్పించిన ఆంధ్రులలో శ్రీ కోడి రామమూర్తి నాయుడుగారు అగ్రగణ్యులు. వీరు 1882వ సంవత్సరమున వీరఘట్టమునందు జన్మించిరి. బాల్యముననే తల్లిని గోల్పోయి, విజయనగరమున పినతండ్రిగారి యింట పెరుగుచు, చదువుకంటె కుస్తీయందు మక్కువ గనిరి. చెన్నపురి సైదాపేటలో వ్యాయామశిక్షణము ముగించి, విజయనగరముననే వ్యాయామోపాధ్యాయులైరి.

పిమ్మట సర్కసు నెలకొల్పి దేశాటనము చేసిరి. గోదాలో నొక్క ప్రత్యర్థిని గెలుచుటకు నేర్చిన బలము డేరాలో వేలమందికి వేడుకయు విస్మయమునయ్యెను. ఱొమ్ముపై నేనుగు నెక్కించుకొనిరి. భుజములకు జుట్టిన యినుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచిరి. రెండు మోటారుబండ్లను కదలనీయక పట్టి నిలిపిరి. ఆర్జించిన ధనమును దానధర్మములకు ధారాళముగా వెచ్చించిరి.

కడపటి దినములలో వ్రణము ముదిరి, కాలు తీసివేయవలసి వచ్చెను. 1942వ సంవత్సరమున ఒరిస్సాయందలి బలంగీరులో స్వర్గస్థులైరి. ఏనుగును మోసిన దేహమే వ్రణమునకు లొంగినది; నిత్యాభ్యాసమువలన వచ్చిన కీర్తి మాత్రము చెక్కుచెదరలేదు. మన యువకులు గమనింతురుగాక.