జాన్ వెస్లీ మహాశయుడు

జాన్ వెస్లీ మహాశయుడు 1703వ సంవత్సరమున ఇంగ్లండునందలి ఎప్‌వర్తున మతగురువు పుత్రుడై జన్మించెను. ఆక్సుఫర్డున విద్య నభ్యసించి, ఉపవాసములు, ఖైదీల పరామర్శ మొదలగు నియమములను తప్పక పాటించియు మనశ్శాంతిని గానకుండెను. 1738 మే 24వ తేది రాత్రి, లండను ఆల్డర్సుగేటు వీథిలోని సభయందు, రోమాపత్రికకు లూథరు వ్రాసిన పీఠికను చదువుచుండగా విని, తన పాపములు క్షమింపబడెనను నిశ్చయము నొందెను. రక్షణము క్షణమాత్రలభ్యమనువారు ఈ రాత్రినే చూపుదురు. కాని 1739 జనవరిలో, తాను క్రైస్తవుడను గానని ఆయనయే దినచర్యలో వ్రాసికొనెను! దానిని మఱుగుపఱచని ఆ సత్యసంధత మాకు మిక్కిలి ప్రియము. పిమ్మట, క్షమ తత్క్షణమే లభించినను పవిత్రతయందు యావజ్జీవము ఎదుగవలయునని బోధించెను. అక్షరాభ్యాసము ఒక్క ముహూర్తమున జరుగును, విద్యార్జనమునకో ఏండ్లు పట్టును గదా! అందులకై 1742 మొదలు అనుయాయులను సుమారు పన్నిద్దఱేసి చొప్పున కూటములుగా నేర్పఱచి, వారవారము వారి ఆత్మస్థితిని విచారింపజేసెను. 1791 మార్చి 2వ తేదిని, 87 ఏండ్ల ప్రాయమున, లండనులో దివంగతుడయ్యెను.