ఫ్రాన్సిస్ డే

ఫ్రాన్సిస్ డే (మార్చి 2, 1829 - జూలై 10, 1889) ఆంగ్లేయ వైద్యుడు, మత్స్య శాస్త్రవేత్త. భారతదేశపు చేపల గురించి ఇతడు రచించిన ది ఫిషెస్ ఆఫ్ ఇండియా నేటికీ ఆ రంగంలో ప్రామాణిక గ్రంథంగా పరిగణింపబడుతున్నది. ఇందులో పెక్కు చేపలకు శాస్త్రీయ నామంతో పాటు తెలుగు పేరు కూడా ఇవ్వబడినది. ఏ చేప దేనిని తింటుంది, ఎరను ఎట్లా గుర్తిస్తుంది అనే విషయాలను తెలుసుకొనడానికి గాలం వేసేవారు కూడా ఈ గ్రంథాన్ని ఆశ్రయించారు.

బాల్యము, విద్య

డే ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతమున మేర్స్‌ఫీల్డ్‌లో భూస్వాముల కుటుంబంలో జన్మించాడు. ష్రూస్‌బరీలో పాఠశాల విద్య ముగించుకొని, లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో వైద్యశాస్త్రం అభ్యసించాడు. 1852లో మద్రాసు సైన్యంలో సహాయ వైద్యునిగా చేరాడు. రెండవ బర్మా యుద్ధంలో పనిచేశాడు.

వైద్యము నుండి చేపల వైపు

కొచ్చిన్‌లో వైద్యాధికారిగా ఉన్న కాలంలో ఇతని దృష్టి చేపలపైకి మళ్ళింది. కొచ్చిన్ చరిత్రపై 1863లో ఒక గ్రంథం, మలబారు చేపలపై 1865లో మరొక గ్రంథం ప్రచురించాడు. నీలగిరి కొండలలోని చల్లని వాగులలో ఇంగ్లండు ట్రౌట్ చేపలను పెంచాలని 1860 దశకంలో ప్రయత్నించాడు కాని, అవి అప్పట్లో అక్కడ నిలదొక్కుకొనలేదు.

అటుపిమ్మట మద్రాసు రాజధానిలోని మంచినీటి చేపల పరిశీలన ఇతనికి అప్పగించబడింది. తెలుగు జిల్లాలలో కర్నూలు వద్ద సేకరించిన చేపల ప్రస్తావన ఇతని రచనలలో పలుచోట్ల కనిపిస్తుంది. 1871లో భారతదేశ మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితుడయ్యాడు.

1873 నివేదికలు

మంచినీటి చేపలపై ఒకటి, సముద్రపు చేపలపై ఒకటి చొప్పున డే 1873లో రెండు నివేదికలు వెలువరించాడు. మొదటి దాని కొరకు జిల్లా అధికారులకు, తహసీలుదార్లకు ప్రశ్నలు పంపి సమాధానాలు రాబట్టాడు. మీ ప్రాంతంలో చేపలు తగ్గుతున్నాయా, వలకన్ను ఎంత, నీటిలో విషం కలుపుతారా అన్నవి ఆ ప్రశ్నలలోని ముఖ్యాంశాలు. చిన్న కన్నుల వలలు, వాగులకు అడ్డంగా కట్టే తడికెలు, వరిపొలాలలోకి ఎక్కిన పిల్లచేపలను దేవివేయడం, చేపలకు దారి విడువకుండా కట్టిన ఆనకట్టలు - ఇవన్నీ చేపల సంతతిని నశింపజేస్తున్నాయని ఇతడు తేల్చాడు. చేప పేదవాని ఆహారం కనుక దానిని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదని ఇతని వాదం. చట్టం చేస్తే పట్టుకొని బ్రతికేవారికి ఇబ్బంది కలుగుతుందని వాదించిన అధికారులు కూడా ఉన్నారు, ఆ సందేహం నిరాధారమైనదేమీ కాదు. చివరకు 1897లో, అనగా డే మరణించిన ఎనిమిదేళ్ళకు, భారత మత్స్య చట్టం వచ్చింది. నీటిలో విషం కలపడం, మందుగుండు పేల్చడం దానితో నేరాలయ్యాయి.

చేపలు, ఎరలు

డే వర్ణనలలో చేప నోరు ఎంతవరకు చీలి ఉన్నది, మీసాలు ఎన్ని, కన్ను ఎంత అన్న వివరాలు తప్పనిసరిగా ఉంటాయి. ఇవి జాతులను గుర్తించడానికి ఉద్దేశించినవే అయినా, ఎర ఎంపికకు మూలం కూడా ఇవే. ఉత్తర తెలంగాణ నదులను ఉదాహరణగా తీసికొంటే ఇది స్పష్టమవుతుంది.

డే కాలంలో నేటి కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలు నిజాం రాజ్యంలో ఎలగందల, సిర్పూరు-తాండూరు పేర్లతో ఉండేవి. స్థానికులు గంగ అని పిలిచే గోదావరి, దానిలో కలిసే మానేరు, కడెం, ప్రాణహిత, ఎగువన పెన్‌గంగ ఇక్కడి ముఖ్య నదులు. ఎండాకాలంలో ఇవి ఇసుక తిన్నెల నడుమ సన్నని పాయలుగా, అక్కడక్కడ మడుగులుగా మిగులుతాయి. తొలకరి వరదతో నీరు ఎర్రబడి, జానెడు లోతులో ఉన్నది కూడా కంటికి కనపడదు.

ఇట్టి నీటిలో వేటాడే చేపలలో మొదటిది వాలుగ. దీని శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ఇందులోని వల్లాగో అనే ప్రజాతి నామం తెలుగు మాట వాలుగ నుండి వచ్చినదే. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1803లో తన గ్రంథంలో నమోదు చేసిన తెలుగు పేర్ల ద్వారా ఇది శాస్త్రంలోకి ప్రవేశించింది. వాలుగ నోటి చీలిక కంటిని దాటిపోతుంది, కన్ను చిన్నది, పైదవడ మీసాలు చాలా పొడవైనవి. అనగా ఇది చూపు కన్న స్పర్శ, వాసనలపై ఎక్కువగా ఆధారపడి, ప్రధానంగా రాత్రివేళ తిరిగే చేప. కనుక బురదనీటిలో దీనికి మెరిసే ఎర కన్న వాసన గల ఎర, చచ్చిన చిన్నచేప లేక మాంసపు ముక్క, అడుగుకు చేరేటట్లు వేయడం ఫలిస్తుంది.

కొర్రమీను సంగతి వేరు. కరీంనగర్ ప్రాంతంలో కొర్రమట్ట అనబడే ఈ చేప నేడు తెలంగాణ రాష్ట్ర చేప. దీనిని డే ఒఫియోసెఫాలస్ స్ట్రయేటస్ అని వ్యవహరించాడు, ప్రస్తుత నామం చన్నా స్ట్రయేటా. నీటిపైకి వచ్చి గాలి పీల్చకుండా అడ్డుకుంటే ఈ జాతి చేపలు మంచినీటిలోనే ఊపిరాడక చనిపోతాయని డే ప్రయోగాల ద్వారా చూపాడు. గాలి కొరకు తరచు పైకి వచ్చేది కనుక నీటిపై కదలికను ఇది ఇట్టే పసిగడుతుంది. గాలానికి కప్పపిల్లను గుచ్చి నాచు అంచున ఎగిరిస్తూ లాగే పద్ధతికి కారణమిదే. నేడు కప్పకు బదులుగా వాడే రబ్బరు కప్పలు కూడా ఈ స్వభావాన్నే ఆధారం చేసుకున్నవి. నీరు మురికిగా ఉన్నప్పుడు రంగుల వైవిధ్యం కన్న ఆకాశపు వెలుగుకు ఎదురుగా నల్లగా కనిపించే ఆకారం, నీటిని కదిలించే చప్పుడు ముఖ్యమవుతాయి. చేపలకు పక్కలనుండే పార్శ్వరేఖ నీటి కంపనాన్ని గ్రహిస్తుంది.

కొర్రమీను తల్లిదండ్రులు ఎర్రని పిల్లల గుంపును కాపలా కాస్తాయి. ఆ గుంపు దగ్గర ఎర వేస్తే అవి ఆకలి లేకున్నా కోపంతో పట్టుకుంటాయి. చేప సులువుగా దొరుకుతుంది కాని, వందల పిల్లలు ఇతర చేపలకు ఆహారమవుతాయి. డే నివేదిక మొత్తుకున్నది ఇటువంటి నష్టం గురించే.

మహసీరు చేప ఇందుకు భిన్నంగా తేటనీటిలో చూపుతో వేటాడుతుంది. మెరిసే చెంచా ఎర దానికి తగినది, వరదనీటిలో ఉపయోగం తక్కువ. ఈ విషయాలన్నిటినీ గాలం వేసేవారి కొరకు విడిగా వ్రాసినవాడు డే మిత్రుడు, మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సలివాన్ థామస్. ఇతని ది రాడ్ ఇన్ ఇండియా మంగళూరులో 1873లోనే, అనగా డే నివేదికలు వెలువడిన సంవత్సరమే అచ్చయింది. థామస్ దక్షిణ కన్నడ జిల్లా నుండి డేకు చేపలను అందించాడు. డే 1874లో ఒక చేపకు బార్బస్ థామస్సీ అని ఇతని పేరు పెట్టాడు.

గ్రంథాలు

ది ఫిషెస్ ఆఫ్ ఇండియా 1875 నుండి 1878 వరకు భాగాలుగా వెలువడింది, అనుబంధం 1888లో వచ్చింది. పదవీ విరమణ చేసి ఇంగ్లండులో స్థిరపడిన తరువాత బ్రిటన్, ఐర్లండు చేపలపై మరొక గ్రంథాన్ని (1880-1884) రచించాడు. ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా గ్రంథమాలలో చేపల గురించిన రెండు సంపుటాలు 1889లో వచ్చాయి. అదే సంవత్సరం డే చెల్టెన్‌హామ్‌లో కేన్సరు వ్యాధితో మరణించాడు.

సేకరణల విషయం

బ్రిటిష్ మ్యూజియంలో జంతుశాస్త్ర విభాగానికి పెద్దయైన ఆల్బర్ట్ గుంతర్‌తో డేకు తీవ్రమైన విభేదాలుండేవి. ఒకరి రచనలలో తప్పులను మరొకరు అచ్చులోనే ఎత్తిచూపుకున్నారు. ఈ వైరం ఫలితంగా డే తన భారతీయ చేపల సేకరణలో పెద్ద భాగాన్ని 1883లో సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంకు విక్రయించాడు. మరికొన్ని కలకత్తా, లైడెన్, వియన్నా మొదలైన చోట్లకు చేరాయి. ఏ చేపను చూసి డే ఆ పేరు పెట్టాడో నిర్ధారించుకొనవలసిన భారతీయ పరిశోధకులకు ఇది చిరకాలం సమస్యగా నిలిచింది. వైట్‌హెడ్, తల్వార్ అనే శాస్త్రవేత్తలు ఈ నమూనాలు ఎక్కడెక్కడ ఉన్నవో గాలించి 1976లో ఒక వివరణ ప్రచురించారు.